దుమ్ము బయటికి రాని పెట్టె

డాక్టరమ్మ రెండు ఎక్స్‌రే ఫిల్ములను వెలుగు పలక మీద పక్కపక్కన తగిలించి చాలాసేపు చూసింది. కవర్ల మీది పేర్లు మళ్లీ చదివింది. ఫిల్ములు తీసినతన్ని పిలిచి, "ఇవి తారుమారు కాలేదు కదా?" అని అడిగింది. కాలేదని అతను రెండుసార్లు చెప్పాడు.

ఎడమవైపు ఫిల్ము ఇరవై ఎనిమిదేళ్లుగా ఇనుప ట్యాంకుల యార్డులో శాండ్ బ్లాస్టింగ్ చేస్తున్న మనిషిది. గాలి ఒత్తిడితో ఇసుకను చిమ్మి, ఇనుము మీది తుప్పునూ పాత రంగునూ వదలగొట్టడం ఆయన పని. ఆ ఫిల్ములో ఊపిరితిత్తులు నల్లగా, నిర్మలంగా ఉన్నాయి. కుడివైపు ఫిల్ము ఆయన భార్యది. జల్లెడలోంచి రాలిన పిండిలా అందులో పైనుంచి కింది దాకా తెల్లటి చుక్కలున్నాయి. ఆవిడ ఆ యార్డు గేటు లోపల ఒక్కనాడూ అడుగుపెట్టి ఎరగదు.

"ఈయన పని బట్టలు ఇంట్లో ఎవరు ఉతుకుతారమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఇంకెవరున్నారండీ, నేనే. ఉతికే ముందు బాగా దులపాలి. దులపకుండా నానబెడితే బకెట్లో బురదైపోతుంది" అంది ఆవిడ, పొరుగింటికి ఓ చిట్కా చెబుతున్నంత మామూలుగా.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

యార్డులో ఆయన్ని అందరూ పిండిమావ అనేవారు. పని ముగించి హెల్మెట్ తీస్తే మొహం ఒక్కటే మనిషిది. మెడ నుంచి బూట్ల దాకా పిండిమరలో పొర్లాడి వచ్చినట్టుండేది. హెల్మెట్‌లోకి గొట్టం ద్వారా వేరే చోటి నుంచి మంచి గాలి వచ్చేది కాబట్టి ఆయన ఊపిరితిత్తులు బతికిపోయాయి. బట్టలు మార్చుకోవడానికి యార్డువాళ్లు ఒక గది కట్టించిన మాట నిజమే గానీ, ఆ గదిలో మొదటి ఏడాదే రంగు డబ్బాలు పేర్చారు. అందుచేత దుమ్ము ఆయనతోపాటే బస్సెక్కి ఇంటికి వచ్చేది. ఆయన మొహం కడుక్కుంటూ ఉండగా ఆవిడ పెరట్లో చొక్కాను భుజాల దగ్గర పట్టుకుని గోడకేసి మూడు దెబ్బలు, ప్యాంటును నడుము దగ్గర పట్టుకుని ఐదు దెబ్బలు కొట్టేది. ఇరవై ఎనిమిదేళ్లపాటు ఆ లెక్క తప్పలేదు.

"ఊపిరితిత్తుల్లోకి పోయిన ఇసుక దుమ్ము ఇంక బయటికి రాదు" అంది డాక్టరమ్మ. "కొత్తది చేరకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది. ఇకమీదట దుమ్ము మీ గడప తొక్కకూడదు. మందులు దీని తర్వాతే."

ఆ నెలాఖరుకు పిండిమావ యార్డు మానేశాడు. యాభై నాలుగేళ్ల వయసులో కొత్త విద్య ఏది పట్టుబడుతుంది? ఆరు వారాలు ఒక గోదాముకు కాపలా ఉన్నాడు. అక్కడి తలుపు బందుల మీది తుప్పును గోటితో గీకుతూ పొద్దు పుచ్చుతున్నాడని తెలిసి, గోదాము యజమాని నవ్వి పంపించేశాడు. ఆ తర్వాత ఇంట్లోనే, కిటికీ పక్క కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

"మీరిలా దిగాలుగా కూచుంటే నాకున్న ఆ కాస్త ఊపిరీ ఆడేట్టు లేదు" అంది భార్య ఒకరోజు. "పెరట్లో రేకుల గది ఖాళీగా ఉంది. మీ పనేదో అందులో పెట్టుకోండి."

"ఏం మాట్లాడుతున్నావు? డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"దుమ్ము వద్దంది. పని వద్దనలేదుగా. దుమ్ము రాని మిషన్లు ఉండవా లోకంలో?"

ఉంటాయని ఆయనకు తెలుసు. అంతవరకు వాటిని ఆటబొమ్మలని వెక్కిరించేవాడు.

గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే వెల్డింగ్ షాపున్న ఆవిడ తమ్ముడికి ఈ సంగతి తెలిసి మర్నాడే వచ్చి వాలాడు. అతనికి బావ చేతి మీద గురి, అక్క మీద ప్రేమ, తన గేట్ల మీద ఆశ ఉన్నాయి. మూడింటినీ ఒకేసారి మాట్లాడటం అతని అలవాటు.

"బావా, శుభ్రంగా ఒక పాట్ కొనుక్కో. ఇసుక నింపు, గొట్టం పట్టుకో, ఊదెయ్. వారానికి పది గేట్లు నేను పంపిస్తా."

పాట్ అంటే కుండలాంటి ఇనుప ట్యాంకు. దాన్ని ఆరుబయట పెట్టి, ఎంత పెద్ద వస్తువునైనా ఊదవచ్చు.

"మరి దుమ్మో?" అన్నాడు పిండిమావ.

"చుట్టూ టార్పాలిన్ కడదాం. నువ్వు ఊదే రోజు అక్కని మా ఇంట్లో కూచోబెడతా. మా ఆవిడకి నా మీద చాడీలు చెప్పుకోడానికి మనిషి దొరుకుతుంది."

"టార్పాలిన్ కనబడే దుమ్మునాపుతుందిరా. మీ అక్క లోపల చేరింది కనబడని దుమ్ము. నేను పెట్టె కొంటున్నా. వస్తువు లోపల పెట్టి తలుపు బిగిస్తే, ముందు వైపు రెండు కన్నాలుంటాయి, వాటికి రబ్బరు గ్లవ్స్ అతికించి ఉంటాయి. చేతులు అందులో దూర్చి, అద్దంలోంచి చూసుకుంటూ ఊదడమే. అంతా లోపలే."

బామ్మర్ది గాలిలో అడ్డంగా ఒక జానెడు, నిలువుగా ఒక జానెడు కొలిచాడు. "అంటే ఇకనుంచి గేటుని మడతపెట్టి తేవాలన్నమాట. ఇస్త్రీ కూడా చేయించమంటావా?"

లోపలి గదిలోంచి ఆవిడ నవ్వింది. నవ్వు సగంలో దగ్గైంది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి, ఆగినట్టే ఆగి, మళ్లీ మొదలైంది. అది పూర్తిగా సద్దుమణిగేదాకా బావా బామ్మర్దులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"పెట్టే కొనుక్కో" అన్నాడు తమ్ముడు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ. "పిండి కొద్దీ రొట్టె. చిన్న సామాను పనులేవైనా తగిలితే నేనే తెచ్చిస్తా."

పిండిమావ మూడు దుకాణాలకు తిరిగాడు. చేతిసంచిలో ఒక టార్చిలైటు, తుప్పుపట్టిన తలుపు బందు, నాలుగు కాగితం ముక్కలు వెంట తీసుకెళ్లాడు. మొదటి దుకాణంలోని పెట్టె తళతళలాడుతూ ఉంది గానీ, దాని తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే నూనె రాసినట్టు జారి వచ్చేసింది. కాగితం జారే చోట గాలి జారుతుంది. గాలి జారే చోట దుమ్ము జారుతుంది. ఆయన బయటికి నడిచాడు.

రెండో దుకాణంలో పెట్టె పర్వాలేదు. దానికి గాలినిచ్చే కంప్రెసరు మాత్రం మరీ చిన్నది.

"ఇంట్లో పనికి ఇది చాలు సార్" అన్నాడు దుకాణదారు.

పిండిమావ పెడలు తొక్కి, తలుపు బందు మీద ఊదుతూ మనసులో లెక్కపెట్టాడు. నలభై అంకె దగ్గర జోరు తగ్గింది. అరవై దగ్గర గొట్టం చివరి నాజిల్ చీదినట్టు చీది ఊరుకుంది.

"నీ కంప్రెసరు నాలుగు మెట్లెక్కి ఆయాసపడుతోంది బాబూ" అని నవ్వబోయాడు. నాలుగు మెట్లెక్కి ఆయాసపడే మనిషి గుర్తొచ్చి, ఆ నవ్వు పెదవి దాటలేదు.

మూడో దుకాణంలో దళసరి రేకు పెట్టె దొరికింది. తలుపు చుట్టూ రెండు వరుసల రబ్బరు పట్టీ, గట్టి గడియలు ఉన్నాయి. కంప్రెసరు రెండో దుకాణంలోని దానికి రెట్టింపు బలమైనది. పిండిమావ వెలిగించిన టార్చిని పెట్టె లోపల పెట్టి, తలుపు బిగించి, అద్దం మీద గుడ్డ కప్పి, మిట్టమధ్యాహ్నం ఆ దుకాణం షట్టరు దింపించి, దీపాలార్పించాడు. చీకట్లో పెట్టె చుట్టూ మోకాళ్ల మీద తిరిగాడు. కింది మూల దగ్గర దారప్పోగంత వెలుగు బయటికి వస్తోంది.

"ఇక్కడ పట్టీ మార్చాలి" అన్నాడు.

"అది పోగంత కూడా లేదు కదండీ!"

"మార్చండి. కూచుంటా."

గంటసేపు స్టూలు మీద కూర్చున్నాడు. మార్చిన తర్వాత మళ్లీ షట్టరు దింపించాడు. దుకాణదారు చీకట్లోంచే అన్నాడు: "మావయ్యగారూ, మీరు పెట్టె కొంటున్నారా, పిల్లనిస్తున్నారా?"

"పిల్లనిచ్చేటప్పుడు మా మావగారు ఇంత చూసుకోలేదు నాయనా. చూసుకునుంటే నాకిచ్చేవాడు కాదు."

ఈసారి పోగంత వెలుగు కూడా రాలేదు. దుకాణదారు ఊపిరి పీల్చుకుని, పెట్టె వెనక నుంచి వచ్చే గొట్టాన్నీ, ఆ గొట్టం చివర ఫ్యానుతో ఉన్న డబ్బానూ, డబ్బాలో వేలాడే గుడ్డ సంచినీ చూపించాడు. పెట్టెలో లేచిన దుమ్మునంతా ఫ్యాను పీల్చి ఆ సంచిలో నింపుతుంది. వారానికోసారి సంచి ఖాళీ చేసుకోవాలి. నిండితే ఫ్యాను పీల్చదు. పిండిమావ తల ఊపాడు. ఆయన వేలు ఇంకా కొత్త రబ్బరు పట్టీ మీదే ఉంది. పట్టీ గురించి, నాజిల్ గురించి, గ్లవ్స్ గురించి నలభై ప్రశ్నలడిగిన మనిషి, సంచి గురించి ఒక్కటీ అడగలేదు. యార్డులో సాయంత్రం ఊడ్చేవాళ్లు వేరే ఉండేవారు. ఊడ్చింది ఎటు పోయేదో నాజిల్ పట్టుకున్నవాడు తిరిగి చూసిన పాపాన పోలేదు.

రేకుల గదిలో పెట్టె కుదురుకున్నాక ఆవిడ గుమ్మం బయటే నిలబడి అన్నీ అడిగి తెలుసుకుంది.

"ఆ సంచేమిటండీ?"

"దుమ్ము అందులోకి పోతుంది. అది నిండిందంటే మిషనుకి ఊపిరాడదు."

ఆ మాటకు ఆవిడ మొహం కొంచెం వాడిందని ఆయన గమనించి, వెంటనే సర్దాడు. "భయపడకు. ఇందులో ఇసుక వెయ్యను. నిన్నింత చేసింది ఇసుక. ఇవి గాజు పూసలు, పంచదారంత సన్నవి. గాజు గ్లాసుతో రోజూ నీళ్లు తాగడం లేదూ? అలాంటిదే ఇది."

భార్య భయం పోగొట్టాలన్న తొందరలో అన్న మాటే తప్ప, అందులో అబద్ధమాడాలన్న ఉద్దేశం ఆయనకు లేదు. తాను చెప్పింది తానూ నమ్మాడు.

పని మెల్లగా అందుకుంది. పాత మోటారు సైకిళ్లు బాగుచేసే మెకానిక్ ఒకడు ఇంజను భాగాలు పంపేవాడు. బామ్మర్ది అన్న మాట ప్రకారం తాళాలు, బందులు, గడియలు తెచ్చిపడేసేవాడు. పాత రంగులు పొరలు పొరలుగా ఊడి, లోపలి లోహం పాలపళ్లలా బయటపడుతూంటే పిండిమావ అద్దానికి మొహం ఆనించి చూస్తూ ఉండిపోయేవాడు. పని బట్టలు గదిలోనే విడిచి, అక్కడే బకెట్లో నానబెట్టి, తానే ఉతుక్కునేవాడు. ఆవిడ దూరంగా మెట్టు మీద కూర్చుని చూసేది.

"అలాగేనా పిండటం? నీళ్లన్నీ అందులోనే ఉన్నాయి."

"ఉండనీ. ఎండుతాయిలే."

"ఇన్నేళ్లకి నాకు పని లేకుండా చేశారు" అనేది ఆవిడ. ఆయన దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు.

మూడు నెలలకు బామ్మర్ది వచ్చినప్పుడు పిండిమావ గర్వంగా డబ్బా మూత తీసి సంచి చూపించాడు. "చూడరా. మూడు నెలల పని. గుప్పెడు కూడా లేదు. ఎంత శుభ్రమైన మిషనో!"

"మరి ఊడిన తుప్పంతా ఎటు పోతోంది బావా?"

"పూసల్తో పాటు కింద తొట్లో పడుతుంది. నీకేం తెలుసు, నువ్వు అతికించేవాడివి. వదలగొట్టడం వేరే విద్య."

"సరే మహానుభావా" అన్నాడు బామ్మర్ది. ఆ ప్రశ్న అక్కడితో తేలిపోయింది.

అయితే ఆవిడ ఊపిరి మెరుగుపడలేదు. వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లేటప్పుడు ఒకచోట ఆగే మనిషి మూడుచోట్ల ఆగసాగింది. తర్వాత వెళ్లడమే మానేసింది. దుప్పట్లు మడతపెట్టడానికి కూర్చోవలసి వచ్చింది. మాట్లాడేటప్పుడు వాక్యం మధ్యలో గుటక వేసినట్టు ఆగేది. పిండిమావకు నిద్ర కరువైంది. రబ్బరు పట్టీలన్నీ పీకి కొత్తవి వేశాడు. చిల్లు లేని గ్లవ్స్‌ను చిల్లుందేమోనన్న అనుమానంతో మార్చాడు. రేకుల గది తలుపు కింద తడిగుడ్డ కుక్కాడు. కాగితం పరీక్ష, టార్చి పరీక్ష వారం వారం చేశాడు. పెట్టె ప్రతిసారీ నెగ్గింది. ఎదురింటి పొగగొట్టం మీద, వీధిలో తవ్వుతున్న కాలవ మీద, చివరికి కిటికీ పరదాల మీద కూడా అనుమానపడ్డాడు.

గురువారాలు మెకానిక్‌కు సామాను అప్పగించే రోజు. ఒక గురువారం వెళ్లేసరికి మెకానిక్ షాపు మూసి ఉంది, అతనికి జ్వరమట. మోసుకెళ్లిన సామాను మోసుకుంటూ పిండిమావ అరగంటలో వెనక్కి వచ్చాడు.

వీధి తలుపు దగ్గరుండగానే పెరట్లోంచి చప్పుడు వినిపించింది. గోడకేసి గుడ్డ కొట్టిన చప్పుడు. మూడు దెబ్బలు, కాస్త విరామం, మళ్లీ మూడు. ఇరవై ఎనిమిదేళ్లు మొహం కడుక్కుంటూ రోజూ విన్న చప్పుడు అది. సామాను గడప దగ్గరే దించి పెరట్లోకి పరుగెత్తాడు.

ఆవిడ మూతికి తువ్వాలు కట్టుకుని, గుడ్డ సంచిని తిరగేసి, రెండు చేతులతో పట్టుకుని గోడకు కొడుతోంది. ఎండలో బూడిదరంగు పొగ లేచి, మెల్లగా, తీరుబడిగా ఆవిడ జుట్టు మీదా భుజాల మీదా దిగుతోంది.

"ఏం చేస్తున్నావ్?"

ఆవిడ ఉలిక్కిపడింది. "అప్పుడే వచ్చేశారే?"

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి వారం నుంచీ." తువ్వాలు కిందికి లాగి ఊపిరి కూడదీసుకుంది. "మీరు దాని సంగతే పట్టించుకోరు. నిండితే మిషనుకి ఊపిరాడదన్నారుగా."

"అది దుమ్మే! దుమ్ము!"

"ఇసుక కాదన్నారుగా" అంది ఆవిడ. ఆ గొంతులో ఎదురాడటం లేదు, అడిగినట్టుంది. "గాజన్నారు. గ్లాసులాంటిదన్నారు."

పిండిమావ గోడ దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. ఊడిన తుప్పు, దశాబ్దాల నాటి రంగుల పొరలు, నలిగి పొడైన గాజు, అన్నీ ఆ గోడ మొదట్లో మెత్తటి కుప్పగా పడి ఉన్నాయి. ఏనుగు దూరినా తోక చిక్కినట్టు, పోగంత వెలుగును ఆపిన పెట్టె ఒక్క సంచి దగ్గర ఓడిపోయింది.

"నాకొక్క మాట చెప్పొచ్చుగా" అన్నాడు.

"చెబితే మీరే చేసుకుంటానంటారు. బట్టలూ లాక్కున్నారు. పొద్దున్నించీ కుర్చీలో కూచుని కిటికీలోంచి చూడ్డమేగా నేను." ఒక గుటక. "మీ పనిలో నా వంతు మొదట్నించీ ఇదొక్కటేగా."

ఆయన ఆవిడ చేతిలోంచి సంచి తీసుకుని, విదిలించకుండా, బకెట్లోని నీళ్లలో ముంచేశాడు. ముంచి, అలాగే నొక్కిపట్టి ఉంచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ నీళ్లలోంచి పైకి వస్తున్న బుడగలను చూస్తే ఆయనకు తెలిసింది.

డాక్టరమ్మ కొత్త ఫిల్మును పాత ఫిల్ము పక్కన తగిలించింది. పైభాగంలో చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి ముద్దలు కట్టాయి. విషయమంతా విని, "మీరు వదలగొట్టిన తుప్పూ రంగూ ఎటు పోతున్నాయనుకున్నారండీ?" అని అడిగింది. అదే ప్రశ్న బామ్మర్ది అడిగినప్పుడు పిండిమావ వెక్కిరించాడు. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోవాలని రాసిచ్చింది డాక్టరమ్మ.

ఆ మిషను కొనడానికి కూడా పిండిమావే వెళ్లాడు. దానికి వెనకవైపు గాలిలోని దుమ్మునాపే చిన్న జాలీ ఉంటుందనీ, వారానికోసారి దాన్ని తీసి నీళ్లలో కడగాలనీ దుకాణంలో అమ్మాయి చెప్పింది. ఆ మాట ఆయన మూడుసార్లు చెప్పించుకున్నాడు. మంచం పక్కన అది రాత్రింబవళ్లు గురకపెడుతూ ఉండేది. జాలీ కడగడం ఆయనే చేసేవాడు. మంచం మీద పడుకుని ఆవిడ చూసేది. ఒక్కోసారి, నిద్రలో, దుప్పటి అంచు పట్టుకుని ఆవిడ చేతులు చిన్నగా దులుపుతున్నట్టు కదిలేవి.

రేకుల గది మూతపడింది. పెట్టె అమ్మేద్దామని బామ్మర్ది నలుగురికీ చెప్పగా, ఒక ఆదివారం ముప్పై ఏళ్ల మనిషొకడు వచ్చాడు. ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఇంటి వెనక చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలని కోరిక. పనిమంతుడే, తనతోపాటు టార్చి తెచ్చుకున్నాడు. లోపల పెట్టి, తలుపు బిగించి, అద్దం కప్పి, గది చీకటి చేసి చుట్టూ తిరిగి చూశాడు.

"పోగంత కూడా రావడం లేదండీ! ఇంత మంచి మిషను ఎందుకమ్ముతున్నారు?"

పిండిమావ డబ్బా మూత తీసి సంచి చూపించాడు. దాన్ని ఎలా తీయాలో, తీసేముందు ఎలా తడపాలో, మూతి ఎలా కట్టాలో, మనుషులు లేని చోట ఎందుకు పూడ్చాలో, గోడకేసి ఎందుకు కొట్టకూడదో, ఎలాంటి మాస్కు పెట్టుకోవాలో వివరంగా చెప్పాడు. అంతసేపు మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు. వచ్చినతను మొదట శ్రద్ధగా విన్నాడు, తర్వాత గడియారం చూసుకున్నాడు.

"అర్థమైంది కదా? సంచి ఎవరు చూసుకుంటారు మీ ఇంట్లో?"

"అదెంత పనండీ. ఇవన్నీ మా ఆవిడకి చెప్తాలెండి" అన్నాడతను, తేలిగ్గా.

పిండిమావ డబ్బా మూత పెట్టేశాడు. గది తాళం తీసుకుని చేతిలో పట్టుకున్నాడు. "ఇది అమ్మడం లేదు బాబూ" అన్నాడు. ఆ మనిషి ఎంత అడిగినా కారణం చెప్పలేదు. గొణుక్కుంటూ అతను వెళ్లిపోయాక తాళం వేసి ఇంట్లోకి వచ్చాడు.

ముక్కుకు గొట్టం పెట్టుకుని ఆవిడ దిండుకు చేరగిలబడి ఉంది. "ఏమైంది... బేరం కుదరలేదా?"

ఆయన మంచం పక్కన కూర్చున్నాడు. మిషను వెనక జాలీకి దుమ్ము పట్టిందేమో వేలితో తడిమి చూశాడు.

"అతనికి పెళ్లయిందిట" అన్నాడు.